మద్దెల మీద నా నాడి

మా ఇంట్లో నన్ను నవ్వనిచ్చేవాళ్లు కాదు. పెదవి విప్పితే సరే, పళ్లు కనపడినా సరే. గొంతులోంచి శబ్దం వచ్చిందంటే మాత్రం మా అవ్వ చేతిలో పని యాడిదాడ పడేసి వచ్చి నా నోరు మూసేది. కోపంతో కాదు, భయంతో. నాకు పదకొండో ఏట కాకిసొమ్మ, అదే మూర్ఛరోగం, మొదలైంది. నేను పగలబడి నవ్విన ప్రతిసారీ అది వస్తాదని మా ఇంటిల్లిపాదికీ గట్టి నమ్మకం.

మాది నిడుగల్లు దగ్గర ఊరు. మహారాజుల కాలం. మా తాలూకా మైసూరు సీమదే గానీ, యా దిక్కు నడిచినా కొంత దూరానికి ఇంగ్లీషోళ్ల సీమ తగులుతాది. మా తాతలు గొర్రెలు మేపినారు. మా నాయన ఒక చిన్న మంద ఉంచుకుని, మిగిలిన కాలమంతా చెనిక్కాయ చేన్లో గడిపేవాడు. నేను వాళ్లకు ఒక్కతే బిడ్డను.

మొదటిసారి అది వచ్చింది చెనిక్కాయలు ఒలిచేటప్పుడే. పదిమంది ఆడోళ్లు గుండ్రంగా కూర్చున్నారు. ఎవరో ఏదో అన్నారు, నేను నవ్వినాను. ఆపైన నాకు తెలీదు. వాళ్లు చెప్పిందేమంటే, నేను నవ్వు ఆపి గోడ దిక్కు చూస్తా, నోట్లో ఏమీ లేకుండానే నములుతా, పావడ అంచు లాక్కుంటా కూర్చున్నానంట. కాసేపటికి మొహం తెల్లగా పాలిపోయి, తడిగుడ్డ మాదిరి పక్కకు వాలిపోయినానంట. మా అవ్వ నా రొమ్ము మీద చెవి పెట్టి వినింది.

"గుండె ఆగిపోయిందే" అని కేకేసింది. మళ్లా ఆ చెవి తీయకముందే లోపల దడ్ మనిందంట.

ఆ ఆగిన సేపు మా అవ్వ చెప్పేకొద్దీ పెరిగింది. మొదట్లో రెండు గుక్కలు నీళ్లు తాగేంత సేపు. నాలుగేండ్లకు తమలపాకు నమిలి ఊసేంత సేపు. నాకు పదహారు వచ్చేసరికి, ఆమె లేచిపోయి మా నాయనను పిల్చుకొచ్చేదాకా ఆగినట్ల చెప్పేది.

నాటువైద్యుడు వచ్చి నాడి పట్టుకున్నాడు. "గుండె మెత్తన. అది ఆగుతాది, దాంతో మనిషి పడిపోతాది. పరుగు వద్దు, మెట్లు ఎక్కడం వద్దు, నవ్వు వద్దు, ఎక్కువ సంతోషం వద్దు" అన్నాడు.

"సంతోషం గూడా వద్దా సామీ?" అని మా అమ్మ అడిగింది.

ఆయన మందుల సంచి కట్టుకుంటా, "కొంచెం కొంచెంగా ఇయ్యండి" అన్నాడు.

నేను ఎవురికీ చెప్పని సంగతి ఒకటి ఉండేది. అది వచ్చేముందు నాకు చెప్పలేనంత బాగుండేది. ముందు కడుపులో ఏదో పైకి లేచేది, ఉయ్యాల పైకి పోయి ఒక్క చిటికె సేపు నిలబడినట్ల. యాడా పొయ్యి లేకపోయినా వేయించిన చెనిక్కాయల వాసన ముక్కుకు తగిలేది. గుండె గబగబా పరిగెత్తేది. ఆపైన కంటికి కనపడినదంతా బాగుండేది. మూలనున్న చీపురు బాగుండేది. మా అవ్వ కాలి బొటనవేలు ఎంత బాగుండేదంటే, ఇంతకాలం దాన్ని చూడకుండా ఎట్లున్నానా అనిపించేది. ఆ సంతోషం పట్టలేక నవ్వు వచ్చేది. ఆ నవ్వుతోనే చీకటి.

కండ్లు తెరిచేసరికి తల బండ మాదిరి ఉండేది. ముక్కు దగ్గర చితగ్గొట్టిన ఉల్లిగడ్డ, పిడికిట్లో ఇనప తాళంచెవులు, చుట్టూ ఏడుపు మొహాలు. వాళ్ల మధ్య నేనొక్కతే ఇంకా ఆ సంతోషం తోక పట్టుకుని ఉండేదాన్ని. అది చెబితే నాకు రోగంతో బాటు పిచ్చి గూడా ఉందనుకుంటారని నోరు మూసుకున్నాను.

పద్దెనిమిది దాటినా నన్ను పెండ్లికి అడగడానికి ఎవురూ రాలేదు. రాకపోవడం మా నాయనకు దిగులు. నాకు మాత్రం అలవాటైపోయింది.

ఆ ఏడు వానలు బాగా పడినాయి. ఊళ్లో బయలాట, అదే వీధినాటకం, ఆడాలని పెద్దోళ్లు అనుకున్నారు. మద్దెల వాయించేదానికి ఇంగ్లీషోళ్ల సీమ నుంచి ఒక మనిషిని పిలిపించినారు. ఆయన మా అమ్మకు దూరపు వరసలో అన్న కొడుకు. అంటే నాకు బావ వరస. మధ్యాహ్నం పూట చావడిలో ఆటగాళ్లకు నేర్పించేవాళ్లు. మా ఇల్లు చావడికి వెనకనే.

మద్దెలకు ఎడమ పక్కన పిండి ముద్ద అంటిస్తే గానీ శబ్దం గంభీరంగా రాదు. ఆయన మా ఇంటికి మనిషిని పంపి రాగిపిండి కలిపి ఇయ్యమని అడిగించినాడు. అవ్వకు కాళ్లనొప్పులు, అమ్మ చేన్లో ఉంది. నేనే తీసుకుపోయినాను. అట్లా మూడు దినాలు తీసుకుపోయినాను. మూడో దినం ఆయన ముద్దను రెండు వేళ్లతో నొక్కి చూసి, "ఈపొద్దు సరిగ్గా కలిపినావు" అని, చర్మానికి అంటించి ఒక్క దెబ్బ వేసినాడు.

ఆ శబ్దం నా కడుపులో దిగింది. దాని వెంబడే కడుపులోంచి ఏదో లేచింది. చెనిక్కాయల వాసన. చావడి స్తంభం, దాని మీద సున్నం మరకలు, కూర్చున్న మనిషి మెడలో చెమట, అన్నీ ఎంత బాగున్నాయో. నేను నవ్వినాను.

మిగతాది ఆయన చెప్పిందే. "నువ్వు నా దిక్కు చూసి నవ్వినావు. ఆపైన నా దిక్కు చూస్తా చూస్తానే నన్ను చూడడం మానుకున్నావు" అనేవాడు. పడిపోతానేమోనని నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టినాడు. ఆయన వేళ్లు పడింది సరిగ్గా నాడి మీద. ఇరవై ఏండ్లు మద్దెల మీద తిరిగిన వేళ్లు అవి. ఒక నడక దొరికితే దాన్ని వదలవు.

మా అవ్వ కాళ్లనొప్పులు మర్చిపోయి పరిగెత్తుకొచ్చింది, తాళంచెవులు గలగలమంటా.

"ఉండవ్వా. తాళం వేస్తాండాను" అన్నాడంట ఆయన.

నాకు తెలివి వచ్చేసరికి చావడి అరుగు మీద పక్కకు తిప్పి పండబెట్టి ఉన్నారు. అవ్వ నా తల దగ్గర కూర్చుని ఏడుస్తా ఉంది. ఆయన మాత్రం మోకాలి మీద వేళ్లతో ఏదో కొట్టుకుంటా, తనలో తాను లెక్క పెట్టుకుంటా ఉన్నాడు.

"మొదట గుర్రం దౌడు తీసినట్ల పోయింది. ఆపైన ఉన్నట్టుండి నిదానమైంది. ఆపైన ఖాళీ. నేను లోపల తాళం వేసుకుంటానే ఉండాను. పన్నెండు తాళం మాత్రలు ఖాళీ. పదమూడోదానికి ఒక దెబ్బ పడింది. ఇంకో మూడు ఖాళీ. ఇంకో దెబ్బ. ఆపైన దారిన పడింది" అని అవ్వకు చెప్పినాడు.

"పన్నెండేనా?" అనింది అవ్వ. ఇంతకాలం తను చెప్పుకున్న లెక్క పోయినందుకు ఆమెకు కొంచెం చిన్నతనమే అయింది.

అప్పటినుంచి నాకు ఒక కొత్త కష్టం వచ్చింది. ఆయన గొంతు వినపడితే చాలు, గుండె దౌడు తీసేది. గుండె దౌడు తీస్తే రోగం వస్తాదని నాకు భయం కదా. వెంటనే ఉన్నచోటనే కింద కూర్చునేదాన్ని. కళ్లం దారిలో కూర్చున్నాను. బావి గట్టు మీద కూర్చున్నాను. ఒకసారి గొర్రెల మంద మధ్యలో కూర్చుంటే అవి నా చుట్టూ తిరిగి పోయినాయి. ఎంతసేపు కూర్చున్నా ఏమీ వచ్చేది కాదు. వాసన లేదు, కడుపులో లేవడం లేదు, గుండె మాత్రం కొట్టుకుంటానే ఉండేది.

"దీనికి ముదిరిపోయింది. దినానికి నాలుగుసార్లు కూలబడతాంది" అని మా అమ్మ ఏడ్చింది.

అవ్వ చావడి దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. "ఇది ఆ రోగం గాదులే" అని తాళంచెవులు చిలక్కొయ్యకు తగిలించింది.

నన్ను ఇయ్యమని అడిగింది ఆయనే. మా నాయన ఏదీ దాచలేదు. "పిల్లకు కాకిసొమ్మ ఉండాది. గుండె ఆగుతాది. యాపొద్దో మళ్లా కొట్టకపోతే ఏంచేస్తావప్పా?"

"భయం లేదని చెప్పను మామా. కానీ నడిమధ్యలో ఖాళీ వదిలి మళ్లా అదే నడక ఎత్తుకునేది ఎంతో చెయ్యి తిరిగినోళ్లకు గూడా కష్టం. ఈమె గుండె ప్రతిసారీ ఎత్తుకునింది. నాకు ఆ గుండె మీద నమ్మకం ఉండాది" అన్నాడు. తలుపు వెనక నేను మళ్లా కింద కూర్చున్నాను.

ఆయన మా ఇంటికే ఇల్లటం వచ్చినాడు. పెండ్లయిన నాలుగు నెలల్లో నాకు మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఆయన నా మణికట్టు పట్టుకునే ఉన్నాడు. మూడోసారి అయిన మరుసటి దినం పొద్దున వాకిట్లో మద్దెల ముందేసుకుని, "మీరందరూ వినండి, ఇన్నాళ్లూ దీన్ని చూసి భయపడతా ఉండారు కదా" అని నా నాడిని వాయించినాడు.

నా రోగం వచ్చినప్పుడు ఇంట్లో లేంది నేనొక్కతినే. అందరూ చూసినారు, నేను చూడలేదు. అదే మొదటిసారి వినడం. మద్దెల దడదడా పోయింది, మా నాయన కాళ్లు తమకు తెలీకుండా కదిలినాయి. ఆపైన దెబ్బలు దూరం దూరంగా పడినాయి. ఆపైన ఆయన చేతులు గాల్లో నిలబడిపోయినాయి. మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకునింది. ఆ ఖాళీలో నేను చచ్చిపోయిన మనిషినా, బతికిన మనిషినా అని నాకే తెలీలేదు. ఒక దెబ్బ పడింది. అవ్వ ఊపిరి వదిలింది. ఇంకొకటి. ఆపైన నిదానంగా, నడిచిపోయే మనిషి అడుగుల మాదిరి.

"దీన్ని ఒక చదువుకున్న డాక్టరు వినాల" అన్నాడు మా నాయన.

పావగడ సర్కారు ఆసుపత్రికి కొత్తగా ఒక డాక్టరు వచ్చినాడని ఊరి లెక్కలు రాసే శానుభోగులు చెప్పినాడు. యుద్ధం జరుగుతా ఉన్న ఏండ్లు అవి. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. బండి కట్టుకుని రోడ్డు దాకా పోయి, బొగ్గుబస్సు ఎక్కినాము, నేనూ ఆయనా అమ్మా. ఎగువ వచ్చినప్పుడల్లా మగోళ్లు దిగి తోసేవాళ్లు. మద్దెల గుడ్డలో చుట్టి నా ఒళ్లో ఉంది. ఆసుపత్రి గుమ్మంలో జవాను దాన్ని చూసి, "ఇది జాతర గాదు" అని అడ్డం పడినాడు. లోపలినుంచి డాక్టరే రానీయమన్నాడు.

కన్నడం మనిషి, తెలుగు నిదానంగా కూడబలుక్కుని మాట్లాడేవాడు. నా రొమ్ము మీద గొట్టం పెట్టి చానాసేపు విన్నాడు. "గుండె బాగుండాది. ఏ లోపమూ వినపడలేదు" అన్నాడు.

"ఆగుతాది సామీ" అనింది అమ్మ.

ఆయన గొట్టం తీసి మెడలో వేసుకుని ముందుకు వంగినాడు. "ఒక్కటి బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి. ముందు నాడి ఆగి, దాంతో ఈమెకు తెలివి పోతాందా? లేకపోతే ముందు తెలివి పోయి, ఆపైన నాడి ఆగుతాందా?"

అమ్మకు అర్థం కాలేదు. మా ఇంటాయనకు మాత్రం ఆ ప్రశ్న చానా నచ్చినట్లుంది. మద్దెల గుడ్డ విప్పబోయి, జవాను మొహం చూసి, డాక్టరు బల్ల మీదనే రెండు చేతులూ పెట్టినాడు.

"చూడండి సామీ. ఇప్పుడు ఈమె నవ్వుతాంది" అని తను నవ్వు మొహం పెట్టినాడు. వేళ్లు బల్ల మీద దడదడా పోయినాయి. "ఇప్పుడు గోడ దిక్కు చూస్తాంది. ఇప్పుడు నములుతాంది" అని ఆవు నెమరేసినట్ల దవడలు ఆడించినాడు, వేళ్లు మాత్రం అదే దౌడులో. "ఇంకా నములుతానే ఉండాది, నాడి నిదానమైంది. ఇప్పుడు ఖాళీ." చేతులు పైకి లేచినాయి. దవడలు ఇంకా ఆడతానే ఉన్నాయి. "అయిదో మాత్ర దాకా నములుతాది. ఆరు, ఏడు. ఇప్పుడు వాలిపోతాంది" అని కుర్చీలో పక్కకు వాలిపోయినాడు. వాలినట్లనే ఉండి ఒక వేలితో దెబ్బ వేసినాడు.

డాక్టరు జేబులోంచి గడియారం తీసి, "మళ్లా" అన్నాడు.

మళ్లా వాయించినాడు. కిటికీ దగ్గర కట్లు కట్టించుకున్నోళ్లు, బిడ్డల్ని ఎత్తుకున్నోళ్లు చేరినారు. "ఇంకొకసారి" అన్నాడు డాక్టరు. నాలుగోసారికి మా ఇంటాయన వాలిపోవడంలో కుర్చీ గూడా వాలి, ఇద్దరూ కింద పడినారు. కింద పడి గూడా నేల మీద తాళం విడవలేదు.

నాకు నవ్వు వచ్చింది. ఆపుకుందామని చూసినాను. ఏడేండ్లు ఆపుకున్న నవ్వు అది, ఆగలేదు. గొంతు నిండా, కడుపు పట్టుకుని, కండ్లెంబడి నీళ్లు కారేదాకా నవ్వినాను. అమ్మ నా నోరు మూసేదానికి లేచింది.

"నవ్వనీయమ్మా, హెదరబేడ" అన్నాడు డాక్టరు. భయపడొద్దని. ఆయన నా మణికట్టు పట్టుకుని గడియారం చూస్తా ఉన్నాడు. నేను ఎంతసేపు నవ్వినానో అంతసేపూ పట్టుకుని ఉన్నాడు. "వేగంగా ఉండాది, అంతే. నవ్వితే అందరికీ అంతే" అన్నాడు.

ఆపైన మాకు విడమర్చి చెప్పినాడు. గుండె ఆగి, దానివల్ల పడిపోయే రోగులు వేరే ఉంటారంట. వాళ్లకు ముందు నాడి పోతాది. నాకట్లా కాదు. నాకు రోగం తలలో మొదలైతాది. తలలోంచి గుండెకు తంతితీగల మాదిరి నరాలు పోయి ఉంటాయి. రోగం లేచినప్పుడు ఆ తీగల్లో తప్పుడు కబుర్లు పోతాయి, మొదట పరిగెత్తమని, ఆపైన ఆగమని. గుండె ఆ మాట వింటాది. రోగం దిగినాక తన పని తాను చేసుకుంటాది.

"నవ్వు వల్ల ఇది రాలేదు. ఇది మొదలైంది గనకనే నీకు నవ్వు వస్తాంది. దానికి ముందు ఏమన్నా అనిపిస్తాదా?" అని అడిగినాడు.

అప్పుడు చెప్పినాను. ఉయ్యాల, వాసన, చీపురు, అవ్వ బొటనవేలు, అన్నీ. అమ్మ నోరు తెరిచి వినింది. డాక్టరు నవ్వలేదు. కాగితం మీద రాసుకున్నాడు. "అది గూడా రోగంలో భాగమే. పిచ్చి గాదు" అన్నాడు.

ఆయన మాకు ఉత్త ధైర్యం మాత్రం చెప్పలేదు. అన్నేసి మాత్రల సేపు గుండె ఆగడం మంచిది కాదన్నాడు. రోగాన్ని తగ్గిస్తే గుండె ఆగడం గూడా తగ్గుతాదని, దినం తప్పకుండా మింగమని తెల్ల బిళ్లలు ఇచ్చినాడు. బావి దగ్గరికీ పొయ్యి దగ్గరికీ ఒక్కదాన్నే పోకూడదు. నిద్ర తక్కువ కాకూడదు. వచ్చినప్పుడు నోట్లో ఏమీ పెట్టకుండా పక్కకు తిప్పి పండబెట్టాల.

"తాళంచెవులు?" అనింది అమ్మ.

"వాటితో పెట్టెలు తెరుచుకోండి" అన్నాడు.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తా ఉండింది. కొంత దూరం పోయినాక ఆమె భుజాలు కదలడం చూసి ఏడుస్తాందనుకున్నాను. చూస్తే నవ్వుతాంది. "కుర్చీతో సహా పడినాడు" అనింది. ఆపైన ముగ్గురం ఒకరి తర్వాత ఒకరు నవ్వడం మొదలుపెట్టినాము. బస్సు ఆగి మగోళ్లను తోయమన్నప్పుడు ఆయన నవ్వుతానే దిగి తోసినాడు.

నిద్ర చెడకూడదు గనక, చివరికి ఊళ్లో రాత్రంతా బయలాట ఆడినప్పుడు నన్ను పోనీయలేదు. మరుసటి మధ్యాహ్నం మా ఇంటాయన ఒక్కడే వాకిట్లో రాజు, రాణి, రాక్షసుడు, ద్వారపాలకుడు అన్నీ తానే అయి మొత్తం ఆడి చూపించినాడు. ఇరుగుపొరుగులో ముందు దినం చూసినోళ్లు గూడా వచ్చి మళ్లా చూసినారు.

బిళ్లలతో రోగం తగ్గింది. పూర్తిగా పోలేదు. ఒకసారి యుద్ధం వల్ల మందు రాక మూడు వారాలు బిళ్లలు లేకుండా ఉన్నాను. అప్పుడు వచ్చింది పెద్దది. ఇరవై రెండు మాత్రలు ఖాళీ అని ఆయన చెప్పినాడు. ఆ నడకను మాత్రం ఎన్నడూ వాయించలేదు. మరుసటి దినమే డాక్టరు దగ్గరికి పోయినాడు. ఆ డాక్టరు ఎక్కడెక్కడికో జాబులు రాసి బిళ్లలు తెప్పించి ఇచ్చినాడు. అప్పటినుంచి ఏడాదికి ఒకటో రెండో, చిన్నవి, చానావరకు గుండె ఆగకుండానే పోయేవి.

ఆ పెద్దది వచ్చిపోయిన ఏడు చలికాలం మొదట్లో నిడుగల్లు దుర్గం ఎక్కాలని నాకు బుద్ధి పుట్టింది. చిన్నప్పటినుంచి కింద నుంచి చూడడమే. ఆయన సరే అన్నాడు. పొద్దున్నే సంగటి తిని, మజ్జిగ ముంతతో బయల్దేరినాము. రాళ్ల మెట్లు నిటారుగా ఉన్నాయి. సగం దూరం పోయేసరికి గుండె చెవుల్లో కొట్టుకుంటా ఉంది. ఆయన మణికట్టు పట్టుకుని చూసినాడు. నేను ఆయనది పట్టుకుని చూసినాను. ఆయనది నా దానికంటే ఎక్కువ వేగంగా ఉంది.

"మద్దెల మోసే మనిషివి, ఇంతేనా?" అన్నాను.

"మద్దెలకు మెట్లుండవు కదమ్మే" అన్నాడు రొప్పుతా.

పైన బురుజు దగ్గర గాలి మనిషిని నిలబడనీయలేదు. నా కొంగు ఎగిరి ఆయన మొహానికి చుట్టుకునింది. కింద చెనిక్కాయ చేన్లు, కదిలే గొర్రెల మందలు, దూరంగా ఇంగ్లీషోళ్ల సీమ. హద్దు యాడుందో వెతికినాము, కనపడలేదు. సీతాఫలాలు కోసుకునేదానికి వచ్చిన ఆడోళ్లు నలుగురు పొదల్లోంచి మమ్మల్ని చూసి, చెరో పండు ఇచ్చినారు. బాగా మాగిన పండ్లు. గింజలు ఎవురు ఎక్కువ దూరం ఊస్తారో చూద్దామని బురుజు అంచున కూర్చుని ఊసినాము. గాలి వాటిని మా మీదికే తెచ్చి వేసింది.